మీటింగుల మినిట్సు పక్కన పెట్టేశానన్నావు, అందుకే ఈ ఉత్తరం

అమ్మాయీ,

రస్టీ బార్సెలో మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో, స్త్రీల కాగితాలు భద్రపరిచే అయోవా విమెన్స్ ఆర్కైవ్స్ రీడింగ్ రూమ్‌లో పెన్ను లాకర్లో పెట్టించి చేతికి పెన్సిల్ ఇచ్చారని రాసిన ముక్క బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. "కమిటీ మినిట్సు, మెమోలలో ఆమె కనిపించదు కాబట్టి వాటి జోలికి పోలేదు" అని ఎంత తేలిగ్గా రాసేశావు! రస్టీ బార్సెలో జీవితమంతా యూనివర్సిటీల్లోనే గడిచింది. ఆవిడ మెమోల్లో కనిపించకపోతే ఇంకెక్కడ కనిపిస్తుంది?

కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో పుట్టిన మెక్సికన్ అమెరికన్ అమ్మాయి 1969లో పై చదువుకి అయోవా యూనివర్సిటీకి వచ్చింది. చికానో విద్యార్థులు, అంటే అమెరికాలోని మెక్సికన్ మూలాల వాళ్ళు, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేని రోజులు. 1971లో ఆవిడా, మరికొందరు చికానో, నేటివ్ అమెరికన్ విద్యార్థులూ కలిసి సంఘం పెట్టుకుని తమకంటూ ఒక కేంద్రం సాధించుకున్నారు. నువ్వేమో "సాంస్కృతిక కేంద్రాన్ని స్థాపించి ఎందరికో స్ఫూర్తిగా నిలిచారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ చోటు ఇవ్వడానికి ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు అడ్డం పడ్డారు, అయోవా చలికాలంలో హీటింగ్ ఖర్చు ఏ పద్దులోంచి వెళ్ళింది, ఈ ప్రశ్నలేవీ నీకు తట్టలేదా? స్ఫూర్తి గురించి పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేదు, హీటింగ్ బిల్లు చూపిస్తే వాడే తెలుసుకుంటాడు.

మినిట్సు చదవడానికి ఓపిక కావాలి. అందులో ఎవరు ఎవరిమీద కేకలేశారో ఉండదు, 'చర్చించిన మీదట వాయిదా వేయడమైనది' అని ఉంటుంది. నువ్వు పట్టుకోవలసింది అక్కడే. ఆ విషయం మళ్ళీ ఏ తేదీన వచ్చింది, ఈసారి మీటింగుకి ఎవరు రాలేదు, రెండు డ్రాఫ్టుల మధ్య ఏ మాట కొట్టేశారు, కాపీ ఎవరెవరికి పోయింది, ఎవరికి పోలేదు. ఇవన్నీ వరసగా పెట్టుకుని చూస్తే ఎవరు ఎవరికి భయపడ్డారో తెలిసిపోతుంది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో విజయనగరం వైపు ఒక ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాల్ గారి గురించి రాద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆవిడ పోయి ఏడాది కాలేదు. దండ వేసిన ఫొటో ఉంది, సన్మానపత్రాలు ఫ్రేములు కట్టి గోడ నిండా ఉన్నాయి, ఫైళ్ళు మాత్రం తూకానికి అమ్మేశారు. అటక మీద ఒక్క అట్ట ఫైలు మిగిలింది. అందులో హాస్టల్ స్నానాల గదుల తలుపులకి గడియలు వేయించమని ఆవిడ పైవాళ్ళకి రాసిన ఉత్తరాల కార్బన్ కాపీలు. మొదటిది మర్యాదగా ఉంది. రెండోదాంట్లో పాత ఉత్తరం నంబరూ తేదీ ఉదహరించారు. మూడోది వెనక్కి తిరిగొచ్చింది, అంచున ఎవరిదో చేతిరాత, ఎర్ర సిరాతో 'నిధులు లేవు' అని. దాని కిందే ఆవిడ చిన్న అక్షరాలతో గడియల ఖరీదు, వడ్రంగి కూలి, 'సొంతం' అని రాసుకున్నారు. గుండుసూది తుప్పు పట్టి కాగితాలు చిల్లులు పడ్డాయి. ఆ మూడు ఉత్తరాల మీదే రాసి పంపితే ఒక వారపత్రిక ఎడిటరుగారు "గడియల గోల ఎవడిక్కావాలి, ఆవిడకొచ్చిన అవార్డులు రాయండి" అని తిప్పి పంపారు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే కోపం పోలేదు నాకు. మార్చి 8 వస్తే చాలు, ఇప్పటికీ అదే తంతు. 'తొలి మహిళ' అని హెడ్డింగు, పక్కన నవ్వుతున్న ఫొటో, లోపల ఆవిడ ఉద్యోగంలో రోజూ ఏం చేసిందో ఒక్క ముక్క ఉండదు. అదే అచ్చు నీ వ్యాసంలోనూ కనిపిస్తుంటే ఊరుకోలేకపోయాను.

ఇంకో సంగతి. మొదటి పేరాలో చిత్రకారిణి ఫ్రీదా కాలోని తెచ్చావు, మెక్సికో అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు కాబట్టి. అసలు సంబంధం నువ్వు కూర్చున్న గదిలోనే ఉందమ్మా. అయోవా విమెన్స్ ఆర్కైవ్స్‌కి మూలధనం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? లూయీస్ నౌన్ గారు తన దగ్గరున్న ఫ్రీదా స్వీయచిత్రం, జుట్టు విరబోసుకుని ఉన్నది, 1991లో వేలంలో అమ్మితే 16.5 లక్షల డాలర్లు వచ్చాయి. నౌన్ గారూ, మేరీ లూయీస్ స్మిత్ గారూ కలిసి తలపెట్టిన ఆ ఆర్కైవ్స్ 1992లో తెరుచుకుంది. ఒక మెక్సికన్ చిత్రకారిణి బొమ్మ అమ్మిన డబ్బుతో నిలబడిన చోటే అయినా, అయోవా లాటినా (లాటిన్ అమెరికా మూలాల) స్త్రీల జీవితాలని పనిగట్టుకుని సేకరించడానికి 2005లో ముహేరెస్ లాటినాస్ అని వేరే ప్రాజెక్టు పెట్టాల్సి వచ్చింది. ఇళ్ళకి వెళ్ళి, మాట్లాడించి, రికార్డు చేసి, బీరువాల్లో ఉన్న కాగితాలు అడిగి తెచ్చారు. అడిగేవాళ్ళు లేకపోతే అవీ మన ప్రిన్సిపాల్ గారి ఫైళ్ళలాగే పోయేవి. బార్సెలో కాగితాలు ఈ రోజు నీ బల్ల మీదికి వచ్చాయంటే వెనక ఇంత ఉంది, నువ్వేమో అందులో సగం తెరవకుండానే వచ్చేశావు.

బార్సెలో 1980లో అయోవాలోనే పీహెచ్‌డీ తీసుకుంది, అదీ ఉన్నత విద్య నిర్వహణలో. మిన్నెసోటా, వాషింగ్టన్ యూనివర్సిటీల్లో పెద్ద పదవులు చేసి, మళ్ళీ మిన్నెసోటాకి వైస్ ప్రెసిడెంటుగా వచ్చి, 2010 నుంచి 2015 దాకా నార్తర్న్ న్యూ మెక్సికో కాలేజీ ప్రెసిడెంటుగా ఉంది. నువ్వు ఈ పదవులన్నీ బయోడేటాలాగా పేర్చావు. ఒక్క పదవి తీసుకో, మిగతావి వదిలెయ్. నన్నడిగితే విద్యార్థిగా వచ్చిన చోటే ఉద్యోగిగా మారిన అయోవా ఏళ్ళు తీసుకోమంటాను. నిన్నటిదాకా ఆఫీసు బయట నిలబడి అర్జీ ఇచ్చిన మనిషి, ఆ అర్జీలు చదివే కుర్చీలో కూర్చున్నాక ఏం రాసింది, ఎలా రాసింది? ఆ తేడా కాగితం మీద దొరికితే అంతకన్నా మంచి వ్యాసం ఉండదు.

సెలవుల్లో మళ్ళీ వెళ్తానన్నావుగా. ఈసారి ఫొటోల ఫోల్డరు అడక్కు, మినిట్సుతో మొదలుపెట్టు. ఒక్క మెమో పూర్తిగా, తేదీతో సహా, పెన్సిల్‌తో ఎత్తి రాసుకుని, దాని మీద మూడు పేజీలు రాసి పంపు. పెట్టె నంబరూ ఫోల్డరు నంబరూ కూడా వెయ్యి.