ఐసీయూ రోగాల మీద రీసెర్చ్ చేయాలంటే ఎంబీబీఎస్సే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. పోయినేడు మా మామగారు యూరిన్ ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరితే అది సెప్సిస్ అయి, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి పోయారు. అప్పట్నుంచి 'దాని మీదే రీసెర్చ్ చేస్తా' అంటోంది. వాళ్ల నాన్న లాంగ్‌టర్మ్‌లో చేర్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, లాంగ్‌టర్మ్ ఫీజు కట్టే ముందు మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. తాతగారి మంచం పక్కన నిలబడి వైద్యం చేయాలనుందా, లేక అన్ని మందులు పడుతున్నా ఆయన ఎందుకు కోలుకోలేదో తేల్చాలనుందా? వైద్యం చేయాలనుంటే ఎంబీబీఎస్ తప్పదు. కారణం తేల్చాలనుంటే మాత్రం వేరే దారి ఉంది, ఆ సంగతి మన ఇళ్లలో తెలియక పిల్లలు రెండేళ్లు మూడేళ్లు నీట్ చుట్టూనే తిరిగి అలిసిపోతున్నారు, చూస్తుంటే బాధేస్తుంది.

మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్న చిన్నది కాదు. సెప్సిస్ అంటే ఒంట్లో క్రిములు ఎక్కువవడమే అనుకుంటాం. కానీ ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్ అని 2016లో నిపుణులు నిర్వచించారు. అందుకే యాంటీబయాటిక్‌కి క్రిమి చచ్చినా ఒక్కోసారి బీపీ నిలబడదు, కిడ్నీలు పనిచేయవు. 2017లో ప్రపంచంలో 4.89 కోట్ల మందికి వచ్చిందని, 1.1 కోట్ల మంది దీనివల్ల చనిపోయారని ఒక అంచనా. 2001లో అమెరికాలో సెప్సిస్‌కి యాక్టివేటెడ్ ప్రోటీన్ సి అనే మందుకు అనుమతి వచ్చింది, ఎంతో ఆశపడ్డారు, తీరా మరో పెద్ద ట్రయల్‌లో ప్రాణాలు నిలబెడుతున్నట్టు తేలక 2011లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

ఎందుకిలా? పక్కపక్క బెడ్లలో ఒకే పేరు రోగంతో ఉన్నా, ఒకరికి ఇన్‌ఫ్లమేషన్ (క్రిముల మీద శరీరం చేసే దాడి) మితిమీరి ఉండొచ్చు, ఇంకొకరికి రోగనిరోధక శక్తి పూర్తిగా చతికిలబడి ఉండొచ్చు. ఇద్దరికీ ఒకే మందు ఎలా పడుతుంది? కోవిడ్‌లో ఇది కళ్లకు కట్టింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన 'రికవరీ' అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి, డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరంలేని వాళ్లకు మాత్రం మేలు కనబడలేదు. ఎవరికి ఏది, ఎప్పుడు ఇవ్వాలో తేల్చడమే ఈ రంగంలో ఇప్పుడు పెద్ద పని.

పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి తెలియాలి. నా దగ్గర సలహా తీసుకుని ఇప్పుడు ఇందులోనే ఉన్న ఒకమ్మాయి చెప్పింది. రాత్రి రెండింటికి ఐసీయూ బయట మెట్ల మీద కూర్చున్న ఒక కొడుకు దగ్గరికెళ్లి, మీ నాన్నగారి రక్తం కొంచెం స్టడీకి కావాలి, మీరు వద్దన్నా వైద్యంలో ఏ తేడా ఉండదు అని చెప్పాలి. రోగికి స్పృహ ఉండదు కాబట్టి సంతకం ఇంట్లోవాళ్లే పెట్టాలి. ఆయన అంతా విని 'మళ్లీ సూది గుచ్చుతారా?' అని మాత్రం అడిగాడట. ఇప్పటికే రక్తనాళంలో పెట్టి ఉన్న గొట్టం లోంచే తీస్తామని చెప్పి, ట్యూబ్ ఐస్‌లో పెట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తి, ప్లాస్మా వేరు చేసి, లేబుల్ వేసి మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టేసరికి తెల్లారిపోయిందట. మిగతా రోజులన్నీ కంప్యూటర్ ముందు లెక్కలే. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకుని ఉంటే, ఆ భయం ఇప్పుడే పోగొట్టాలి, స్టాటిస్టిక్స్ రాకుండా ఇందులో అడుగు ముందుకు పడదు.

ఇక దారులు. డాక్టర్ దారిలో ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, జనరల్ మెడిసిన్‌లోనో అనస్థీషియాలోనో ఎండీ మూడేళ్లు, క్రిటికల్ కేర్‌లో (అంటే ఐసీయూ వైద్యంలో) డీఎం అనే సూపర్ స్పెషాలిటీ ఇంకో మూడేళ్లు. సైన్స్ దారిలో తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, దానికి వేరే ఎంట్రన్స్, బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కాకపోతే అందులో మ్యాథ్స్ ప్రశ్నలూ ఉంటాయి. లేదా బీఎస్సీ మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివి చేసి, ఎమ్మెస్సీ చదివి సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, పైగా హెచ్‌ఆర్‌ఏ. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి.

ఏ దారైనా పదేళ్లకు తక్కువ కాదు, ముప్పై దగ్గరపడేదాకా స్థిరమైన ఉద్యోగం అనుకోవద్దు. వాళ్ల నాన్నకు ఈ మాట ఇప్పుడే చెప్పండి, తర్వాత తెలిస్తే ఇంట్లో గొడవ.

నా అభిప్రాయం అడిగితే, వైద్యమే చేస్తానంటే, మార్కులు కటాఫ్‌కి దగ్గర్లో ఉంటేనే ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టండి, రెండో ఏడాది వద్దు. కారణం తెలుసుకోవాలంటే మాత్రం ఈ ఏడాదే డిగ్రీలో చేర్చండి. తాతగారు పోయి ఏడాదే అయింది, ఆ బాధలో అన్న మాటా, నిజంగా ఇష్టమా అని మీకు అనుమానం ఉండొచ్చు, డిగ్రీ మొదటి రెండేళ్లలో అది తనకే తెలుస్తుంది. తనేమందో, నీట్‌లో ఎన్ని మార్కులొచ్చాయో, ఇంటర్‌లో ఫిజిక్స్ ఎలా చేసిందో రాయండి, కాలేజీల సంగతి అప్పుడు చూద్దాం.