బురద తప్పించుకోబోయి వేర్లు తొక్కవద్దు

ప్రశ్న: వచ్చే నెలలో మిత్రులతో కలిసి ఒక ప్రాచీన అరణ్యం గుండా కొండ శిఖరం దాకా నడిచి రావాలనుకుంటున్నాము. నిరుడు ఇటువంటి దారిలోనే బురద ఉన్న చోటల్లా పక్కనున్న వేర్ల మీదుగా నడిచి రెండుసార్లు జారిపడ్డాను. పైగా అనుకున్న వేళకు మూడు గంటలు ఆలస్యంగా, చీకటిలో కిందికి చేరాము. ఈసారి ఏమి మార్చుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు జారిపడటానికీ, ఆలస్యం కావడానికీ కారణం ఒకటే. పాత అడవిలోని నేలను మామూలు నేలగానే లెక్కవేశారు.

బురద కనబడితే పక్కకు తప్పుకోవడం అందరూ చేసే పనే. అయితే చెట్టుకు నీటినీ పోషకాలనూ అందించే సన్నని వేర్లు లోతున ఉండవు; వాటిలో అధిక భాగం పైపై మట్టిలోనే, కొమ్మల నీడను దాటి చాలా దూరం పరుచుకుని ఉంటాయి. పదేపదే కాళ్లు పడిన చోట మట్టి అణిగి, అందులోని సన్నని సందులు మూసుకుపోయి, వేర్లకు గాలీ నీరూ అందవు. ఆపైన కురిసిన వాన ఇంకే వీలులేక పారుతూ పైమట్టిని కోసుకుపోతుంది. జపాన్‌లోని యకుషిమా దీవిలో జోమోన్ సుగి అనే వేల ఏళ్ల మహావృక్షం చుట్టూ సందర్శకుల తొక్కిడికి వేర్లు బయటపడగా, 1996లో అక్కడ చెక్కవేదిక కట్టవలసి వచ్చింది. ఆ చెట్టును తాకాలని ఎంత దూరం నడిచి వెళ్లినా, ఇప్పుడు వేదిక మీద నిలబడి చూడవలసిందే. అందువల్ల బూట్లు మునిగినా సరే, బాట నడుమనే నడవమని నా మనవి.

అది మీ కాళ్లకూ మేలే. నలుగురూ తొక్కగా బెరడు అరిగిన వేరు, తడిసినప్పుడు నల్లగా నిగనిగలాడుతూ, పైన పలుచని పాచి పొరతో ఉంటుంది; దానికంటే జారే చోటు ఆ దారిలో మరొకటి ఉండదు. ముఖ్యంగా దారికి ఏటవాలుగా సాగే వేరు మీద కాలు పెడితే పాదం పక్కకు మళ్లి చీలమండ బెణుకుతుంది. వేరు దాటి, అవతలి మట్టి మీద పాదమంతా ఆనించండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి.

ఇక వేళ సంగతి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్కను చాలామంది ఇప్పటికీ వాడుతున్నారు: మూడు మైళ్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు మరో గంట. జోమోన్ సుగి దారి రానుపోను దాదాపు 22 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు సుమారు 700 మీటర్లు కాబట్టి ఈ లెక్కన ఆరు గంటల లోపే తిరిగి రావాలి. అయినా అక్కడికి వెళ్లేవారు పది గంటలు కేటాయించుకుంటారు. ప్రతి అడుగూ చూసుకుని వేయవలసిన చోట, విశ్రాంతి కూడా కలుపుకుంటే, అంత పట్టడం సహజమే. మీరు కూడా లెక్కలో వచ్చినదానికి కనీసం సగం అదనంగా కలుపుకోండి.

దట్టమైన కొమ్మల కింద బయటికంటే ముందే చీకటి పడుతుంది కనుక, ఎన్ని గంటలకు వెనుదిరగాలో బయలుదేరే ముందే మిత్రులందరూ కలిసి నిర్ణయించుకోండి. ఆ వేళ అయ్యేసరికి శిఖరం కంటి ముందే ఉన్నా వెనుదిరగండి. నుదుటికి కట్టుకునే దీపం మాత్రం ఒక్కొక్కరికి ఒకటి చొప్పున ఉండాలి.