సాయం కోసం రాసే మెయిల్‌కి స్పామ్ తెగ వస్తోంది, చూడకుండా తీసేయొచ్చా?

మీ సహాయ బృందం మెయిల్‌కి రోజూ కుప్పలుగా స్పామ్ వస్తోందనీ, ఫిల్టర్‌ని గట్టిగా బిగించి, దానికి దొరికినవన్నీ తెరవకుండానే తీసేస్తే ఎలా ఉంటుందనీ అడిగారు. వద్దండి. బిగిస్తే బిగించండి కానీ చూడకుండా మాత్రం తీసేయకండి.

మా అబ్బాయికి ఐదో ఏట టైప్ 1 మధుమేహం బయటపడింది. అప్పట్లో అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా జవాబు చెప్పిన ఒక చిన్న బృందం ఉండేది. ఆరేళ్లుగా నేనూ అందులోనే పని చేస్తున్నాను. తొమ్మిది మందిమి వంతులు వేసుకుని పిల్లల తల్లిదండ్రులు రాసే మెయిళ్లకు జవాబులిస్తాం. సూది వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తే గడ్డ కడుతుందా, జ్వరం వస్తే షుగర్ ఎందుకు పెరుగుతుంది, టీచరుకి ఏమేం చెప్పి పెట్టాలి, ఇలాంటివి. మోతాదుల విషయం మాత్రం డాక్టర్‌నే అడగమంటాం.

చిరునామా అందరికీ తెలిసేలా పెట్టాక స్పామ్ రాకుండా ఉండదు. లోన్లు, లాటరీలు వస్తాయి, పోతాయి. నాకు ఒళ్లు మండేది "ఇన్సులిన్ మానేయండి, ఈ పొడితో మధుమేహం మాయం" అని వచ్చేవాటికి. టైప్ 1 పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వదు. బయటి నుంచి ఇవ్వకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి, వాంతులు, ఆయాసం, ఆ తర్వాత స్పృహ తప్పడం. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు. అలాంటి మందుని మానేయమని ముక్కూ మొహం తెలియనివాడు లక్షల మందికి ఒకేసారి పంపిస్తాడు. దాన్ని మామూలు ప్రకటన అనడానికి నాకు నోరు రాదు.

రెండేళ్ల క్రితం ఇవి మరీ ఎక్కువైపోయాయని మీరు చెప్పిన పనే మేమూ చేశాం. ఫిల్టర్ బిగించాం. సరే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. వారం రోజులు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. స్పామ్ పెట్టె వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

ఒకరోజు పొద్దున్న, తెలిసిన ఒకావిడ పంపానన్న మెయిల్ కనపడక ఆ పెట్టె తెరిచాను. కిందికి జరుపుతూ పోతుంటే ఒకటి కనపడింది. "అర్జెంట్ అర్జెంట్ దయచేసి చూడండి!!!" ఎప్పుడూ చూడని చిరునామా. లోపల పైనుంచి కిందిదాకా అదే పొడి ప్రకటన, లింకుతో సహా. తీసేయబోయాను. ప్రకటన అయిపోయాక, అడుగున ఇంకో మూడు లైన్లు ఉన్నాయి: "ఇది నిజమేనా అండీ? మా పాపకి 7 ఏళ్లు. నిన్నటి నుంచి సూది ఆపేశాం. ఇప్పుడు వాంతులవుతున్నాయి." దాని కింద ఫోన్ నంబరు. అది వచ్చి అప్పటికి రెండు రోజులు దాటింది.

నంబరు నొక్కుతుంటే వేళ్లు వణికాయి. పాప వాళ్లమ్మ ఎత్తింది. ఆసుపత్రిలోనే ఉన్నారు. కీటోఅసిడోసిస్ అన్నారట, అంటే ఇందాక చెప్పిన కీటోన్లు పేరుకుపోయి రక్తం ఆమ్లంగా మారడం, ఐసీయూలో పెట్టారట, ఆ రోజే కాస్త తేరుకుని నీళ్లు అడిగిందట. నేను ఏడుస్తుంటే ఆవిడే నన్ను ఊరడించింది. తర్వాత మెల్లగా ఒక మాట అంది: "మీ నుంచి జవాబు రాలేదు కదా అండీ, అంటే తప్పేం కాదేమో అనుకుని ఇంకో పూట ఆగాం."

ఫిల్టర్‌ని తప్పుపట్టి లాభం లేదు. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ వివరించాక బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతి ఒకటుంది. ఒక్కో మాట స్పామ్‌లో ఎంత తరచుగా కనపడుతుందో, మంచి మెయిల్లో ఎంత తరచుగా కనపడుతుందో లెక్కగట్టి, అన్నీ కలిపి ఇది స్పామా కాదా అని తేల్చడం. ఆ లెక్కలో ప్రకటనా, ఆ ప్రకటన నిజమేనా అని భయపడుతూ అడిగిన తల్లి ఉత్తరమూ దాదాపు ఒకటే. అవే మాటలు, అదే లింకు. పైగా కంగారులో ఉన్న మనిషి రాత ఎప్పుడూ అలాగే ఉంటుంది: ఆశ్చర్యార్థకాలు, అర్జెంట్లు, ఫోన్ నంబరు. మనకి ఎవరి మెయిల్ అందరికంటే ముందు కనపడాలో, వాళ్లదే ముందు ఆ పెట్టెలో పడుతుంది.

అప్పటి నుంచి మాలో ఒకరు పొద్దున్న, ఒకరు రాత్రి ఆ పెట్టె చూస్తారు. ప్రతి మెయిల్ చివరిదాకా. పావుగంట పని. మంచిది దొరికితే "స్పామ్ కాదు" అని గుర్తుపెడతాం, ఫిల్టర్ కూడా నేర్చుకుంటుంది. చాలా మెయిల్ సేవల్లో ఆ పెట్టెలోవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి, కాబట్టి తర్వాత తీరిగ్గా చూద్దాం అనుకోకండి. మా చిరునామా ఎక్కడ రాసినా దాని కిందే "మా జవాబు కోసం ఆగకండి. వాంతులు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎవరు చెప్పినా ఇన్సులిన్ ఆపకండి" అని రాస్తున్నాం.

ఇంకో సంగతి. స్పామ్‌లో కింద ఉండే "ఇకపై పంపవద్దు" లింకు నొక్కకండి. ఈ చిరునామాలో మనుషులున్నారని వాళ్లకి తెలిసిపోతుంది. ఇక "ఎవరికైనా పనికొస్తుందేమో" అంటూ ఆ పొడి ప్రకటనలు బంధువులందరికీ పంపేవాళ్లున్నారే, వాళ్ల మీద నాకు స్పామర్ల మీద కంటే ఎక్కువ కోపం. ముక్కూ మొహం తెలియనివాడు పంపితే అనుమానిస్తాం, పెదనాన్న పంపితే నమ్ముతాం. ఆ పాప ఇంటికి కూడా అది అలాగే చేరింది.

స్పామ్‌ని పూర్తిగా ఆపగలరా అంటే, నాకు ఆ ఆశ లేదు. 1978 మే నెలలో గ్యారీ థ్యూర్క్ అనే సేల్స్ మనిషి ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో దాదాపు 400 మందికి కంప్యూటర్ల ప్రకటన పంపినప్పుడే తిట్లు తిన్నాడు, అయినా ఆగిందా? 2008 నవంబరులో అమెరికాలో స్పామర్లు వాడుకునే సర్వర్లు నడిపిన మెకోలో అనే సంస్థకి నెట్ కట్ చేస్తే ప్రపంచమంతటా స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్లీ మామూలే.

మీ బృందంలో ఎంతమంది ఉన్నారో రాయలేదు. ఇద్దరే ఉన్నా రోజుకొకరు చూడొచ్చు. మేం వంతులు వేసుకున్న పట్టిక కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.