నెట్ ఆగింది, ఏడు లేయర్లూ గుర్తున్నాయి

ప్రశ్న: మాస్టారూ, నేను బీటెక్ మూడో ఏడు. మాది రాజోలు దగ్గర పల్లె, కాలేజీ భీమవరంలో. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఓఎస్ఐ నమూనా ఏడు లేయర్లూ, అంటే నెట్ పనిని విడగొట్టి చెప్పే ఏడు అంతస్తులూ, వరస తప్పకుండా రాస్తాను, మార్కులూ బాగానే వచ్చాయి. మొన్న గాలివానకి ఇంట్లో నెట్ ఆగిపోయింది. ‘నువ్వు చదివేది అదేగా, ఓసారి చూడవే’ అన్నారు నాన్న. నెట్ పెట్టె ముందు నిలబడ్డాను గానీ ఏం చూడాలో తెలియలేదు. కేబుల్ అబ్బాయి వచ్చి బాగుచేసి వెళ్లాడు. ఈ ఏడు లేయర్లు దేనికి పనికొస్తాయి?
– ఒక విద్యార్థిని, రాజోలు

జవాబు: ఆ అబ్బాయి చూసినవీ నువ్వు రాసిన లేయర్లేనమ్మా. కాకపోతే కింద నుంచి మొదలుపెట్టి ఉంటాడు. పెట్టె మీద ఎల్ఓఎస్ అని ఒక లైటుంటుంది. అది ఎర్రగా వెలిగిందంటే ఫైబర్‌లోంచి రావలసిన వెలుగు మీ ఇంటిదాకా రావడం లేదు. మన కోనసీమలో గాలివాన వెలిశాక మొదటి అనుమానం కొబ్బరి మట్ట మీదే. మట్ట పడి తీగ తెగితే పాస్‌వర్డ్ మార్చీ లాభం లేదు, ఫోన్ ఆపి వేసీ లాభం లేదు. ఫిజికల్ లేయర్ అంటే అదే.

ఎర్ర లైటు లేదనుకో. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టు. చాలా ఇళ్లలో 192.168తో మొదలయ్యే చిరునామా కనబడుతుంది. అది రౌటర్, అంటే ఆ నెట్ పెట్టె, ఇచ్చింది. 169.254 అని వచ్చిందా, రౌటర్ ఏమీ ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టేసుకుంది. గొడవ ఇంట్లోనే ఉందన్నమాట. చిరునామా బాగుంటే గూగుల్ వాళ్ల సర్వర్ 8.8.8.8కి పింగ్ కొట్టు, అంటే ‘ఉన్నావా’ అని చిన్న సందేశం పంపి జవాబు కోసం చూడు. దానికి జవాబు వస్తూ, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే, అప్పుడు అనుమానించాల్సింది డీఎన్ఎస్‌ని. పేరుని అంకెలుగా మార్చిపెట్టేది అదే. ఇంతలోనే అడుగు లేయరు నుంచి పై లేయరు దాకా వెళ్లొచ్చావు.

పింగ్‌లో మిల్లీసెకన్లు కూడా చూడు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ 400 కిలోమీటర్లనుకుంటే వెళ్లడానికి 2, రావడానికి 2, మొత్తం 4 మిల్లీసెకన్లు. నెలకి ఎంత పెద్ద ప్లాన్ వేయించుకున్నా అంతకన్నా తగ్గదు. సెకనుకి ఎంత డేటా వస్తుందో చెప్పే ఎంబీపీఎస్ వేరు, ఆలస్యం వేరు. ఈ తేడా పట్టుకోకుండానే కోర్సు దాటేసేవాళ్లు క్లాసుకి సగం మంది ఉంటారు.

ఇక ఏడు ఎందుకంటావా, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాళ్లు 1984లో ఆ నమూనాని ప్రమాణంగా ప్రకటించారు. అప్పటికే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్ టీసీపీ/ఐపీ అనే నియమాల జతకి మారిపోయింది. నిలిచింది అదే. సెషన్, ప్రజెంటేషన్ అని నువ్వు రాసే రెంటికీ ఇంటర్నెట్‌లో విడిగా చోటు లేదు, వాటి పని అప్లికేషనే చూసుకుంటుంది. పరీక్షలో ఏడు రాయి, ఇంట్లో ఐదు లెక్కపెట్టు.

సిలబస్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ట్రాన్స్‌పోర్ట్ లేయర్. పిల్లలు ఎక్కువగా వదిలేసేదీ అదే. ఐపీ ప్యాకెట్‌ని, అంటే డేటా ముక్కని, చేరుస్తానని హామీ ఇవ్వదు. దారిలో రౌటర్ నిండిపోతే పారేస్తుంది, చెప్పను కూడా చెప్పదు. మన కాలవల మీద లస్కర్లుంటారు, శివారు పొలానికి వంతు ఎప్పుడో, తలుపు ఎంత ఎత్తాలో చూసేవాళ్లు. ఇంటర్నెట్‌కి లస్కరు లేడు. ప్యాకెట్లు పోతున్నాయని తెలియగానే పంపేవాడే తనంతట తాను తగ్గించుకోవాలి. ఈ బుద్ధి మొదట్లో, ట్రాన్స్‌పోర్ట్ లేయర్‌లో పంపేవాడి పని చూసే టీసీపీకి లేదు. 1986లో అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీకీ, పక్కనున్న లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకీ మధ్య, 400 గజాల దూరానికి, సెకనుకి 32 వేల బిట్ల వేగం 40 బిట్లకి పడిపోయింది. వేలు కాదు, నలభయ్యే. ఆలస్యమైన ప్యాకెట్లు పోయాయనుకుని ఎవరికి వారు మళ్లీ మళ్లీ పంపడంతో రద్దీ ఇంకా పెరిగింది. ఆ ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జేకబ్సన్ దీన్ని పట్టుకుని, మెల్లగా మొదలుపెట్టి, నష్టం కనబడగానే వెనక్కి తగ్గే పద్ధతిని 1988లో ప్రచురించాడు. ‘స్లో స్టార్ట్ గ్రాఫ్ గీయుము, 5 మార్కులు’ అని మీరు తిట్టుకునే ప్రశ్న అక్కడి నుంచి వచ్చిందే.

 

ప్రశ్న: నమస్కారమండీ. మాకు పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మావాడు నెట్‌వర్క్స్ ల్యాబ్‌కి లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. నిజంగా అంత అవసరమా?
– ఒక తండ్రి

జవాబు: ఈ ల్యాబ్‌కైతే అవసరం లేదండీ. అందులో వాడేది వచ్చీపోయే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్, నెట్‌వర్క్‌ని తెర మీదే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్. రెండూ ఉచితం, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. ఓసారి మీవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వైర్‌షార్క్ పెట్టమనండి, ఏదైనా వెబ్‌సైట్ తెరవమనండి. తెర నిండా వరసలు పరిగెత్తుతాయి. వాటిలో డీఎన్ఎస్‌ని అడిగిన ప్రశ్న ఏదో, టీసీపీ పరిచయం చేసుకునే మూడు ప్యాకెట్లు ఏవో వేలు పెట్టి చూపించమనండి. చూపిస్తే కాస్త మంచి ల్యాప్‌టాపే కొనివ్వండి, మిగతా సబ్జెక్టులకి పనికొస్తుంది. చూపించలేకపోతే లక్ష రూపాయల యంత్రం గేమ్స్ కోసమేనండీ, ఆ బేరం మీరూ మీవాడూ తేల్చుకోండి.