కుట్టు వంకర కాదు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. మనవరాలికి స్కోలియోసిస్ అని, వెన్ను పక్కకు వంగిందని, వంపు 28 డిగ్రీలని అన్నారా? మా పెద్దదానికి అదే ఈడులో 26.

ముందు పట్టింది నా కుట్టుమిషనే. బతుకమ్మకు లంగా కుట్టి తొడిగితే అంచు ఎడమ పక్క వేలెడు దిగింది. విప్పి మళ్లీ కుట్టినా అంతే. ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకోమంటే వీపు కుడి పక్క గుట్టలా లేచింది.

మన మర్రిగూడ వైపు ఎవరి నడుము వంగినా ఫ్లోరైడ్ నీళ్లే అంటారు. ఆ నీళ్లు ఎముకల్ని, కీళ్లని బిగదీస్తాయి, ఇది వేరు. వెన్ను పక్కకు వంగుతూ మెలితిరుగుతుంది. ఈ ఈడు పిల్లల్లో చాలామందికి కారణం తెలియదు. స్కూలు బ్యాగు వల్ల రాదు, నీ పెంపకం వల్లా రాదు.

నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఒక కట్టు వైద్యుడి మాట నమ్మి ఎనిమిది నెలలు నూనె మర్దన చేయించాను. నొప్పి లేదు కదా, తగ్గుతోందనుకున్నాం. ఎక్స్‌రే తీస్తే 34. పిల్ల ఎదిగే రోజుల్లోనే వంపూ ఎక్కువగా పెరుగుతుంది, బ్రేస్, అంటే ఒంటికి బిగించే గట్టి ప్లాస్టిక్ కవచం, పనిచేసేదీ అప్పుడే. ఎదుగుదల అయిపోయాక బ్రేస్ వేసినా లాభం లేదు.

బ్రేస్ వంపును మాయం చేయదు, పెరగకుండా ఆపుతుంది. అమెరికా, కెనడాల్లో పిల్లల మీద చేసి 2013లో అచ్చేసిన పరిశోధనలో, బ్రేస్ వేసుకున్నవాళ్లలో నూటికి 72 మందికి వంపు 50 డిగ్రీలకు చేరలేదు. వేసుకోనివాళ్లలో 48 మందికే. రోజుకు 13 గంటలు దాటి వేసుకున్నవాళ్లలో 90 మందికి పైగా ఆగింది. మాకు 18 గంటలు చెప్పారు. క్యాలెండర్ మీద గంటలు రాయి, దాని చేతే రాయించు.

మన ఎండల్లో అసలు కష్టం చెమట. లోపల కాటన్ బనియన్, తిరగేసి తొడుగు, కుట్టు ఒంటికి గుచ్చుకోదు. ముడత లేకుండా లాగి బ్రేస్ బిగించు. మధ్యాహ్నం ఒకసారి బనియన్ మార్చు. తీశాక ఎరుపు అరగంటైనా పోకపోతే ఓర్చుకోమనకు, బ్రేస్ చేసినవాళ్ల దగ్గరికి తీసుకుపో, సరిచేస్తారు. మావాడొకడు దూది కుక్కమన్నాడు, పుండైంది.

వ్యాయామం ఈ వంపు తెలిసిన ఫిజియో దగ్గరే నేర్పించు. ష్రోత్ పద్ధతని జర్మనీలో పుట్టింది, ఊపిరితో పక్కటెముకల్ని సర్దుకోవడం నేర్పుతారు. అది బ్రేస్‌కు తోడే, బదులు కాదు. ఆటలు మాన్పించకు.

ఎక్స్‌రేలో 3, 4 డిగ్రీలు పెరిగిందంటే టెన్షన్ పడకు, కొలతలోనే 5 దాకా తేడా వస్తుంది. కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, రాత్రి నొప్పితో నిద్ర లేచినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎంత చేసినా 45, 50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు మొండికేయకు. మా దానిది 36 దగ్గర ఆగింది.

పెళ్లి మాటలు ఎత్తేవాళ్లకు జవాబు నేను చెప్తాలే. ఆదివారం వచ్చేటప్పుడు దాని పాత కుర్తా ఒకటి తే. బ్రేస్ మీదికి ఎంత వదులు కావాలో చూసి రెండు కుడతాను.

మీ పెద్దమ్మ