కొత్తగా కొన్న పాత బండి, దాని అద్దం మీది స్టిక్కర్లు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇంజిన్ సంగతి మెకానిక్ చెప్పాలి గానీ, ముందు అద్దం మాత్రం ఎన్నికలైపోయిన మర్నాడు బస్టాండు గోడలా ఉంది. నాగపూర్ పాత ఓనరు అంటించుకున్న దేవుళ్లు, పిల్లల స్కూలు పార్కింగ్ స్టిక్కరు, ఆయిల్ మార్చిన తేదీ రాసిన సర్వీసింగ్ కాగితం, పాత ఫాస్టాగ్, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆదివారం కూర్చుని బ్లేడుతో గీకేస్తానన్నావని అక్క చెప్పింది. ఆగు. ఈ పనిలో చేతి బలంతో పని లేదు. నానబెట్టి కాసేపు ఊరుకోగలిగితే చాలు, సగం దానంతట అదే వస్తుంది.

గీకడానికంటే ముందు ఏది పీకాలో, ఏది ముట్టుకోకూడదో చూసుకో. లోపలివైపు ఎడమ పై మూలన నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ ఉన్న చిన్న హోలోగ్రామ్ స్టిక్కరు ఉంటే దాని జోలికి పోకు. అది హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లతో పాటు ఇచ్చేది. 2019 ఏప్రిల్ 1 తర్వాతి బళ్లకు మొదటి నుంచీ వస్తోంది, పాత బళ్లకు తర్వాత బిగించుకున్నారు. డీజిల్ అయితే నారింజ రంగు, పెట్రోల్, సీఎన్‌జీ అయితే లేత నీలం. మళ్లీ అతికించడానికి వీల్లేకుండా, పీకగానే ముక్కలయ్యేలా తయారు చేస్తారు. పోయిందంటే కొత్తదానికి అర్జీ పెట్టుకుని తిరగాలి.

ఫాస్టాగ్ సంగతి వేరు. అది ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంటుంది. ముందు ఆయనకు ఫోన్ చేసి, ఆయన బ్యాంకులో ట్యాగ్ మూయించు. ఒక బండికి ఒకటే ట్యాగ్ అన్నది రూలు కాబట్టి పాతది మూయకుండా కొత్తది తీసుకుంటే పేచీ తప్పదు. ఆయన మూశానన్నాకే నువ్వు తియ్యి. ఒకసారి పీకిన ట్యాగ్ మళ్లీ పనిచేయదు, లోపలి సన్నని తీగ తెగిపోతుంది. దాన్ని దాచుకుని ఏమీ చేసుకోలేవు, చించి పారెయ్. బ్యాంకు వాళ్లతో చిక్కొస్తే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యి.

మిగతావన్నీ తీసేయొచ్చు. పొద్దున్నే మొదలుపెట్టు, అది కూడా నీడలో. ముందు అద్దం లోపలా బయటా నీళ్లతో కడిగి దుమ్ము పోగొట్టు. మీ ఆలపల్లి రోడ్డు దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది. అది బ్లేడు కింద పడిందా, అద్దం మీద గీత పడుతుంది, ఆ గీత ఎన్ని చేసినా పోదు. డ్యాష్‌బోర్డు మీద పాత తువ్వాలు పరుచుకో. ఎండలో నిలబెట్టిన బండి అద్దం మీద ఎప్పుడూ చన్నీళ్లు పోయకు. కంకర రాయి తగిలి ఎక్కడో పంటిగాటంత దెబ్బ ఉంటే, ఆ వేడికీ చల్లదనానికీ అక్కడి నుంచే పగులు పాకుతుంది. అప్పుడు స్టిక్కరు కాదు, అద్దమే మార్చాలి.

కాగితం స్టిక్కరు, ప్లాస్టిక్ స్టిక్కరు ఒకేలా రావు. కాగితం దానికి పైన నిగనిగలాడే పొర ఉంటుంది, నీళ్లు లోపలికి పోనివ్వదు. ఆ పొరను గోటితోనో పాత్రలు తోమే పీచుతోనో కొంచెం గరుకు చెయ్యి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలిపి, పాత బట్ట ముంచి, స్టిక్కరు మీద అతుక్కునేలా పరిచేసి టీ తాగి రా. అరగంటయ్యాక కాగితం మెత్తని పిండిలా వచ్చేస్తుంది. రాకపోతే బట్ట మళ్లీ తడుపు, అంతే గానీ లాగకు.

ప్లాస్టిక్ దానికి, అంటే మా రేడియం షాపుల్లో కట్ చేసేదానికి, వేడి కావాలి. అక్క ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంటే ఒక మూలకు ఆ గాలి పట్టు. ఒకే చోట నిలపకుండా అటూ ఇటూ తిప్పుతూ ఉండు. జిగురు మెత్తబడ్డాక మూల పట్టుకుని, నీ వైపు కాకుండా అద్దానికి దాదాపు ఆనించి వెనక్కి మడిచి మెల్లగా లాగు. తొందరపడితే ప్లాస్టిక్ వచ్చి జిగురంతా అద్దం మీద మిగిలిపోతుంది. డ్రయ్యర్ లేదా, మన వైపు ఎండ ఉందిగా. కాసేపు ఎండలో పెట్టి తీసుకొచ్చినా చాలు.

మరీ ఎండిపోయినవి ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు మీ సిరొంచ వచ్చి అంటించుకున్న స్టిక్కర్లతో ఇప్పటికీ తిరిగే బళ్లున్నాయి. అన్నేళ్ల ఎండకు ప్లాస్టిక్ పెళుసై, ముట్టుకుంటే పొలుసులు పొలుసులుగా ఊడుతుంది. అలాంటివాటికే బ్లేడు. కొత్త బ్లేడు పెట్టు, తుప్పు పట్టిందీ మొన వంగిందీ వద్దు. అద్దం తడిగా ఉండాలి, సబ్బు నీళ్లు చిమ్ముతూనే ఉండాలి. బ్లేడును బాగా వాల్చి పట్టుకుని ఒక్క వైపుకే నెట్టు, వెనక్కి గీయకు. అంచుల్లో ఉన్న నల్ల చుక్కల పట్టీ మీద పెట్టనే పెట్టకు.

వెనక అద్దానికి బ్లేడు అసలే వద్దు. దగ్గరికెళ్లి చూడు, అడ్డంగా ఎర్రమట్టి రంగులో సన్న గీతలు కనిపిస్తే అవి మంచు పోగొట్టే హీటరు తీగలు. లోపలివైపే ఉంటాయి. ఒక్క గీత తెగినా ఆ వరస పనిచేయదు. అక్కడ లోపల స్టిక్కరు ఉంటే నానబెట్టి, గీతలు ఎటు పోతే అటే బట్టతో రుద్దు. తర్వాత కూడా ఆ గీతల మీద ఏమీ అతికించకు.

జిగురు మిగులుతుంది. దానికి కొబ్బరి నూనె రాసి పావుగంట వదిలెయ్, లేకపోతే నీలగిరి తైలం, అది ఇంకా త్వరగా కరిగిస్తుంది. తర్వాత సబ్బు నీళ్లతో నూనె పోయేదాకా కడుగు. పెట్రోలు ముట్టుకోకు, తలుపులు మూసిన బండిలో ఆ ఆవిరి మంచిది కాదు. గోళ్ల రంగు తీసే ద్రవం అద్దాన్ని ఏమీ చేయదు గానీ ఒక చుక్క డ్యాష్‌బోర్డు మీద పడితే అక్కడి ప్లాస్టిక్ పాడైపోతుంది.

పక్క తలుపుల అద్దాలకు నల్ల ఫిల్మ్ కూడా ఉన్నట్టుంది. 2012లో సుప్రీంకోర్టు ఫిల్మ్‌లు వద్దంది. ముందూ వెనకా 70 శాతం, పక్కన 50 శాతం వెలుతురు రావాలన్నది లెక్క. ఆ ఫిల్మ్ అంతకంటే బాగా నలుపు. చంద్రపూర్ చౌరస్తాలో ఆపి చలానా రాసేలోపే తీయించుకో. అది మాత్రం ఇంట్లో చేసుకునే పని కాదు, షాపులో ఆవిరి పట్టి తీస్తారు.

ఇక అతికించడం. కొత్త ఫాస్టాగ్ రాగానే డ్యాష్‌బోర్డు మీద పడేసి తిరగకు. ట్యాగ్ లేని బండికి టోల్ ఎక్కువ పడుతుంది. చేత్తో పట్టుకుని చూపించే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడతామని 2025లో హైవే అథారిటీ చెప్పింది. నువ్వు కాళేశ్వరం మీదుగా హైదరాబాద్ వెళ్తే బీబీనగర్ దగ్గర గూడూరు టోల్ తగులుతుంది, అక్కడ వెనక వరస హారన్లు కొడుతుంటే ఆ టెన్షన్ వేరే. ఫాస్టాగ్‌ను తడిగా అతికించకూడదు. అద్దం లోపలివైపు, వెనక చూసే అద్దం వెనకాల, పై భాగంలో స్పిరిట్ బట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. వెనక కాగితం సగమే తీసి, ఆ సగం అద్దానికి ఆనించాక మిగతాది తియ్యి. మధ్య నుంచి అంచులకు బొటనవేలితో నొక్కు. మడవకు, పక్కనే ఇంకో స్టిక్కరు పెట్టకు. అక్కడ కెమెరాగానీ వాన సెన్సార్‌గానీ ఉంటే దాన్ని మూయకు.

కాళేశ్వర ముక్తీశ్వర స్వామి పేరు ముందు అద్దం పైన కావాలన్నావట. ముందు వద్దురా. రోడ్డు కనిపించే చోట ఏ అక్షరమూ ఉండకూడదు. వెనక అద్దానికి బయటివైపు పై అంచున పెట్టుకో, లోపలి తీగలకూ ఇబ్బంది ఉండదు. అక్షరాలు నేనే ఇక్కడ బల్లార్షాలో కట్ చేసి ఎస్టీ బస్సులో, అదే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సులో, పంపిస్తా. అవి మాత్రం తడి మీదే పెట్టాలి. సబ్బు నీళ్లు చిమ్మి, అక్షరాలను కలిపి పట్టి ఉంచే పై టేపుతో సహా అద్దం మీద పెట్టు, సరిగ్గా కూర్చునేదాకా జరుపుకోవచ్చు. పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నుంచి బయటికి నీళ్లు తోసెయ్. గంట ఆగి పై టేపు వెనక్కి మడుస్తూ తియ్యి. ఏ అక్షరమైనా టేపుతో లేస్తే అక్కడే ఆగి, మళ్లీ కిందికి నొక్కి, కార్డుతో గట్టిగా రుద్ది లాగు. రెండు రోజులు బండి కడగకు.

వెనక అద్దం పై అంచు పొడవు కొలత టేపుతో కొలిచి చెప్పు, మూలల వంపు కలపకు. పేరు తెలుగులో కావాలా, మరాఠీలోనా, రెండిట్లోనా అన్నది కూడా. రెండూ అంటే అక్షరాలు చిన్నవి చేయాలి, దూరం నుంచి కనబడవు.

నీ మామ
బల్లార్షా