బైపాస్ తర్వాత బెలూన్ పంప్ పెట్టారంటే గుండె పనిచేయడం లేదనా?

మీ నాన్నగారికి బైపాస్ అయ్యాక బెలూన్ పంప్ పెట్టారని, ఇక గుండె తనంతట తాను కొట్టుకోవడం లేదేమోనని అడిగారు. కాదండీ. గుండె కొట్టుకుంటూ ఉంటేనే ఆ బెలూన్ పనికొస్తుంది. నేను గుండె సర్జరీ ఐసీయూలో నర్సుని. ఇదే భయంతో తలుపు బయట నిలబడ్డవాళ్లను చాలామందిని చూశాను.

తొడ మొదట్లో ఉన్న ధమనిలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, బెలూన్‌ను ఛాతీలోని పెద్ద ధమనిలో ఉంచుతారు. పెద్దవాళ్లకు ఎక్కువగా 40 మి.లీ. సైజు వాడతారు. మెషిన్ ఈసీజీని చూసుకుంటూ నడుస్తుంది. గుండె సేదతీరే క్షణంలో బెలూన్ ఉబ్బుతుంది, గుండె కండరానికి రక్తం బాగా అందుతుంది. గుండె మళ్లీ ముడుచుకోబోయే ముందు చప్పున కుంచించుకుపోతుంది, దాంతో రక్తాన్ని నెట్టే శ్రమ తగ్గుతుంది. అంత వేగం కావాలి కాబట్టే తేలికైన హీలియం వాడతారు. 1967 నుంచీ రోగులకు వాడుతున్న పద్ధతి ఇది.

'దీనివల్ల లాభం లేదని చదివాను' అని కూడా రాశారు. మీరు చదివింది బహుశా 2012 నాటి అధ్యయనం గురించి. అందులో ఉన్నది హార్ట్ ఎటాక్ వచ్చి షాక్‌లోకి, అంటే గుండె పంపే రక్తం ఒంటికి సరిపోని స్థితిలోకి, వెళ్లిన 600 మంది. వాళ్లలో 30 రోజుల్లో మరణాలు తగ్గలేదన్నది నిజమే. ఆపరేషన్ తర్వాత నీరసించిన గుండె సంగతి వేరు, ఆ ఫలితాన్ని మీ నాన్నగారికి అన్వయించుకోకండి.

ఎక్మో అనే మెషిన్ మాత్రం దీనికంటే పెద్ద అడుగు. రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి తిరిగి ఎక్కిస్తుంది, గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చాలావరకు తానే చేస్తుంది. బెలూన్ సాయం సరిపోనప్పుడు దాని మాట వస్తుంది.

మానిటర్‌లో బీపీ అంకె చూసి సంతోషపడటమో దిగులుపడటమో చేయకండి, అక్కడ కనిపించే పెద్ద అంకె బెలూన్ తెచ్చింది కావచ్చు. డాక్టరుగారిని 'బీపీ పడిపోకుండా నిలబెట్టే మందుల మోతాదు తగ్గుతోందా, యూరిన్ ఎలా వస్తోంది, రేషియో ఎంతలో ఉంది?' అని అడగండి. రేషియో అంటే ఎన్ని గుండె చప్పుళ్లకు ఒకసారి బెలూన్ ఉబ్బుతోందన్నది. ప్రతి చప్పుడుకూ ఉబ్బే 1:1 నుంచి రెండిటికి ఒకసారి ఉబ్బే 1:2కి తగ్గించారంటే గుండె ఎంత మోయగలదో పరీక్షిస్తున్నారన్నమాట. మందులు తగ్గుతూ యూరిన్ బాగా వస్తుంటే నాకు ధైర్యం వస్తుంది.

గొట్టం ఉన్న కాలు మడవకూడదు. మా దగ్గర ఒక పెద్దాయన మత్తులో మాటిమాటికీ మోకాలు ముడిచేవారు. మేమెంత చెప్పినా వినేవారు కాదు గానీ, విజిటింగ్ టైమ్‌లో కూతురు వచ్చి 'నాన్నా, కాలు చాపు' అంటే వెంటనే చాపేవారు. మీరూ అలా చెప్పండి. పాదం చల్లగా తగిలినా, రంగు మారినా, కాలు నొప్పి అన్నా అప్పటికప్పుడే నర్సును పిలవండి.